మిగిలిన సిమెంటు ఎవరిది?



ఇతరుల పాపసంకీర్తనం వినే గురువు కూడా తన పాపసంకీర్తనం చేసుకోవలసినవాడే. అందుకే ఈ వారం నేను చేసిన తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుంటూ మొదలుపెడుతున్నాను. అది పద్నాలుగు సిమెంటు బస్తాలకు సంబంధించినది.

కొన్నేళ్ల క్రితం నేను సేవచేసిన ఒక విచారణలో పిల్లల సత్యోపదేశానికి, పెళ్లి భోజనాలకు పనికొచ్చేలా ఒక సమావేశ మందిరం కట్టుకున్నాం. సంఘస్తులు తలా కొంత వేసుకున్నారు. ఆ రోజు కూలి ఆ రోజే తెచ్చి నా చేతిలో పెట్టినవారు కూడా ఉన్నారు. లోడు మొత్తం దింపించుకుంటే బస్తాకు కొంత ధర తగ్గుతుందని అవసరానికి మించి సిమెంటు దింపించాం. మే నెలాఖరుకు పని పూర్తయింది. పద్నాలుగు బస్తాలు మిగిలాయి. వాటిని గుడి పక్కనున్న గదిలో, వట్టి నేలమీదే, గోడకు ఆనించి పేర్పించి తాళం వేశాను. "ఎప్పటికైనా పనికొస్తాయి" అనుకున్నాను.

మరుసటి వారం మన విచారణకే చెందిన ఒక వితంతువు వచ్చింది. కాలనీలో ఆమెకు రెండు గదుల ఇల్లు. గోడలు లేచాయి, పైన స్లాబు పడింది, అంతటితో డబ్బు అయిపోయింది. బయటి గోడలకు ప్లాస్టరింగు లేదు.

"ఫాదర్‌గారూ, గుడి పనిలో మిగిలిన సిమెంటు ఉందంట గదా, ఒక ఎనిమిది బస్తాలు ఇప్పించండి. ఇసుక, కూలి నేను చూసుకుంటాను. వానలు పడితే గోడలు నెమ్మెక్కుతాయి" అని అడిగింది.

"అమ్మా, అది సంఘం సొమ్ము. నా ఒక్కడి మాటమీద ఇవ్వడం కుదరదు. కమిటీ కూర్చున్నప్పుడు పెడతాను" అన్నాను.

జూన్‌లో బడులు తెరిచే హడావుడి. జూలైలో నాట్లు, పెద్దలు సగంమంది రాలేదు. ఆగస్టులో మరియమాత మోక్షారోపణ పండుగ పనులు. పండుగ అయ్యాక కమిటీ కూర్చుంది, విషయం పెట్టాను, ఒక్కరు కూడా కాదనలేదు. సంతోషంగా వెళ్లి తాళం తీశాం. బస్తా అంచు పట్టుకుని లాగితే కదలలేదు. పాదంతో తన్ని చూసిన మేస్త్రీ అన్నాడు: "సిమెంటుకు మన మీటింగులు తెలియవండి ఫాదర్‌గారూ. తేమ తగిలితే దాని పని అది చేసుకుపోద్ది." పద్నాలుగు బస్తాలూ పద్నాలుగు రాళ్లయ్యాయి.

ఈ సంగతి చెప్పడానికి ఆమె ఇంటికి వెళ్లాను. లోపలి గోడ మీద అప్పటికే నెమ్ము మనిషెత్తున పాకింది. నా మాట విని ఆమె, "పోన్లెండి ఫాదర్‌గారూ, మీరు మాత్రం ఏం చేస్తారు?" అంది. నన్ను ఒక్క మాట అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆనాటి నుండి నన్ను ఒక ప్రశ్న వెంటాడుతోంది. ఆ పద్నాలుగు బస్తాలు ఎవరివి? సంఘం డబ్బుతో కొన్నవి కనుక సంఘానివే. దొంగతనం జరగలేదు, అబద్ధం ఆడలేదు, ఎవరికీ రావలసినది ఎగ్గొట్టలేదు. మరి తప్పు ఎక్కడ జరిగింది?

ఈ ప్రశ్న నా ఒక్కడిది కాదు. మీ ఇంటి వెనుకకు వెళ్లి ఒక్కసారి చూడండి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుకల వరుస నాచుపట్టి ఉంటుంది. అటక మీద రెండు పెట్టెల టైల్స్, సగం రంగు డబ్బా, గోడవారగా తుప్పుపట్టిన ఇనుప చువ్వల ముక్కలు. పాత ఇల్లు పడగొట్టినప్పుడు తీసిన టేకు ద్వారబంధం చెదలకు ఆహారమవుతూ ఉంటుంది. అడిగితే "ఎందుకైనా పనికొస్తాయి" అంటాం. ఐదేళ్ల తర్వాత ఒక ట్రాక్టరును పిలిచి, అంతా కలిపి రబ్బిసు కింద కాలువ గట్టున పోయిస్తాం. "నా డబ్బుతో కొన్నాను, నేను పారేసుకున్నాను, ఎవరికి నష్టం?" అంటాం.

తన డబ్బుతో కొన్నదాన్ని పాడుచేసుకునే హక్కు మనిషికి ఉందా? చట్టం దృష్టిలో చాలావరకు ఉన్నట్టే. మనస్సాక్షి దృష్టిలో ఉందా?

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసువారి (1225-1274) బోధ ఒకటి మాకు పాఠంగా చెప్పారు. ఆస్తి విషయంలో ఆయన రెండింటిని విడదీశారు. ఒకటి, వస్తువును సంపాదించి, కాపాడి, పంచిపెట్టే అధికారం. రెండవది, దాని వాడకం. మొదటిదాని విషయంలో మనిషి సొంత ఆస్తి కలిగి ఉండటం న్యాయమే, అవసరం కూడా. అందరిదీ అయినదాన్ని ఎవరూ శ్రద్ధగా చూసుకోరు కనుక. కాని వాడకం విషయంలో మాత్రం మనిషి తన వస్తువును తన ఒక్కడిదిగా కాక అందరిదిగా భావించి, అవసరంలో ఉన్నవారితో పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలి. 1891లో 13వ లియో పోపుగారు "రేరుమ్ నోవారుమ్" విశ్వలేఖలో కార్మికుల పక్షాన మాట్లాడినప్పుడు, సొంత ఆస్తి హక్కును గట్టిగా సమర్థిస్తూనే, ఆస్తి కలిగి ఉండటం వేరు, దానిని సరిగా వాడటం వేరు అన్న ఈ భేదాన్నే గుర్తుచేశారు.

ఈ బోధను మిగులు సామానుకు వర్తింపజేసి చూడండి. ఇల్లు కట్టడానికి నేను ఇటుక కొన్నాను. ఇల్లు పూర్తయింది. ఏ అవసరం కోసం ఆ ఇటుక కొన్నానో ఆ అవసరం తీరిపోయింది. ఇప్పుడు ఆ ఇటుకకు యజమానిని నేనే. కాని దానితో నాకు పని లేదు. పక్క వీధిలో దానితో పని ఉన్నవాడు ఒకడున్నాడు. అవసరం నా దగ్గర నుండి అతని దగ్గరకు వెళ్లిపోయింది, వస్తువు మాత్రం నా దగ్గరే ఆగిపోయింది. తాళం వేసిన నా గదిలో జరిగింది అదే. నేను ఎవరి సొత్తూ తీసుకోలేదు. అవసరానికి, వస్తువుకు మధ్య అడ్డంగా నిలబడ్డాను.

అరిస్టాటిల్ చెప్పిన మరో మాట కూడా ఇక్కడ పనికొస్తుంది. ఇటుకలు, చెక్క ఇంకా ఇల్లు కాలేదు, కాని ఇల్లు కాగల శక్తి వాటిలో ఉంది అంటాడు. చాలా వస్తువుల్లో ఈ శక్తి మెల్లగా పోతుంది. సిమెంటులో అయితే లెక్కపెట్టగలిగేంత వేగంగా పోతుంది. మామూలుగా నిల్వ ఉంచిన సిమెంటు మూడు నెలల్లో తన బలంలో దాదాపు ఐదో వంతు, ఆరు నెలల్లో మూడో వంతు వరకు పోగొట్టుకుంటుందని ఇంజనీర్ల అంచనా. వానాకాలంలో, నేలమీద పెడితే ఇంకా త్వరగా పోతుంది. కాబట్టి "తర్వాత ఇద్దాం" అన్న మాట సిమెంటు విషయంలో "ఇవ్వం" అన్నదానితో సమానం. సిమెంటు విషయంలోనే కాదు, చాలా దానధర్మాల విషయంలో కూడా ఇది నిజమేమో మీరే ఆలోచించండి.

ఇక ఆ బస్తాలో ఏముందో చూద్దాం. పల్నాడులోనో, జగ్గయ్యపేట వైపునో కొండను పేల్చి తీసిన సున్నపురాయి ఉంది. దానిని దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాల్చడానికి తగలబెట్టిన బొగ్గు ఉంది. ప్రపంచమంతటా మనుషుల వల్ల గాలిలోకి చేరే బొగ్గుపులుసు వాయువులో సుమారు 7, 8 శాతం సిమెంటు తయారీ నుండే వస్తోంది. ఇటుకలో ఒక రైతు పొలంలోని పైమట్టి ఉంది. ఆ మట్టి తిరిగి రావడానికి తరాలు పడుతుంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా ప్రాంతాల నుండి ముందుగా తీసుకున్న అడ్వాన్సు తీర్చడానికి పిల్లాపాపలతో వచ్చి, మన బట్టీల దగ్గర గుడిసెల్లో ఆరు నెలలు గడిపే కుటుంబాల చెమట ఉంది. ఇసుకలో కృష్ణా గోదావరుల గర్భం ఉంది. నేను కట్టిన ధర వీటన్నిటి లెక్కా తీర్చిందని చెప్పగలనా? దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన "లౌదాతో సి" విశ్వలేఖలో పారవేసే సంస్కృతిని గురించి హెచ్చరించారు. వస్తువులను తేలికగా పారవేసే అలవాటు మనుషులను కూడా తేలికగా పక్కన పెట్టే అలవాటుతో కలిసే పెరుగుతుందన్నది ఆ బోధ సారాంశం. ఆ తాళం వేసిన గది ముందు నిలబడ్డప్పుడు అది నాకు బాగా అర్థమైంది. నేను పక్కన పెట్టింది సిమెంటును మాత్రమే కాదు.

మన పల్లెల్లో దీనికి ఒక మంచి మాట ఉంది: పరిగె. కోత అయ్యాక చేలో రాలిన వెన్నులను పేదవారు ఏరుకుంటారు. అలా ఏరుకున్నదే పరిగె. మంచి రైతు పరిగెకు వచ్చినవారిని తరమడు. లేవీయకాండము 19వ అధ్యాయంలో దేవుడు ఇదే ఆజ్ఞాపించాడు. పొలం అంచుల దాకా కోయకూడదు, రాలినది ఏరుకోకూడదు, అది పేదవారికి, పరదేశులకు వదిలిపెట్టాలి. మోవాబు దేశపు రూతు అలా పరిగె ఏరుకోవడానికే బోవాజు పొలంలో అడుగుపెట్టింది. ఆమె సంతతిలోనే దావీదు, ఆ వంశంలోనే మన రక్షకుడు జన్మించారు. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఆజ్ఞ రైతును పొలం ఇచ్చేయమనలేదు. మిగిలినదాని మీద మాత్రం అతని చేయి కొంచెం వెనక్కి తీసుకోమంది. కట్టడం పనిలో మిగిలినది కూడా పరిగెలాంటిదే అని నా నమ్మకం.

యోహాను సువిశేషం 6వ అధ్యాయంలో ఐదు రొట్టెలతో ఐదువేల మందిని తృప్తిపరచిన క్రీస్తునాథుడు, ఆ వెంటనే మిగిలిన ముక్కలను ఏరి పోగుచేయమని శిష్యులకు చెప్పారు. పన్నెండు గంపలు నిండాయి. లేనిదానిని కలిగించగలవాడు ముక్కలను ఎందుకు ఏరించారు? ఉన్నది ఎంత ఎక్కువైనా, దేవుని వరం వరమే కనుక. దివ్యబలిపూజ చివర గురువు పళ్లెంలోని చిన్న కణాన్ని కూడా వదలకుండా తుడవడం మీరు ప్రతి ఆదివారం చూస్తున్నారు. ఇటుకను దివ్య సత్ప్రసాదంతో పోల్చడం నా ఉద్దేశం కాదు. ఆ పీఠం దగ్గర అంత జాగ్రత్తగా ఉన్న నా చేతులే, గుడి పక్క గదికి అంత అజాగ్రత్తగా తాళం వేశాయని మాత్రమే చెబుతున్నాను.

"అయితే ఫాదర్‌గారూ, సంఘం సొత్తును మీరు ఎలా ఇస్తారు? కమిటీని అడగడం సరైనదే కదా?" అని మీలో కొందరు నా పక్షాన వాదించవచ్చు. నేను కూడా అలాగే వాదించుకున్నాను. తర్వాత సిగ్గుపడుతూ 1983లో ప్రకటింపబడిన శ్రీసభ చట్టం పుస్తకం తీసి చూశాను. 1284వ సూత్రం, శ్రీసభ సొత్తును చూసుకునేవారు మంచి ఇంటిపెద్దకు ఉండే శ్రద్ధతో చూసుకోవాలంటుంది. దాని పక్కనే 1285వ సూత్రం ఉంది. శాశ్వత ఆస్తి కాని చరవస్తువుల నుండి, మామూలు నిర్వహణ పరిధిలో, దైవభక్తికో క్రైస్తవ ప్రేమకో సంబంధించిన దానాలు చేయవచ్చని అది అనుమతిస్తుంది. నేను అడ్డుపెట్టుకున్న చట్టమే నాకు తలుపు తీసి ఉంచింది. సంఘ పెద్దలను సంప్రదించడం మంచిదే. దానికి ఆ సాయంత్రం నలుగురి ఇళ్లకు నడిచి వెళితే సరిపోయేది. నేను వెళ్లలేదు. ఇంటిపెద్ద శ్రద్ధ తాళం వేయడంలో మాత్రమే ఉందనుకున్నాను.

ఇంకొక అభ్యంతరం మన క్రైస్తవ కుటుంబాల్లో కూడా వింటూ ఉంటాను. "పాత ఇంటి సామాను కొత్త ఇంటికి అచ్చిరాదు" అంటారు. రోమునగరంలో ట్రస్తేవెరెలోని మరియమాత దేవాలయాన్ని నిలబెట్టిన రాతి స్తంభాలు ప్రాచీన రోమను కట్టడాల నుండి తెచ్చినవే. పునీత అస్సీసి ఫ్రాన్సిస్‌వారు శిథిలమైన సాన్ దమియానో గుడిని బాగుచేయడానికి వీధుల్లో తిరిగి రాళ్లు అడుక్కున్నారు. ఇల్లు కట్టేవారు వద్దని పక్కన పడేసిన రాయితోనే మన ప్రభువు తనను పోల్చుకున్నారు. ఇక అచ్చిరావడం, అచ్చిరాకపోవడం గురించి మనం మాట్లాడటం బాగుంటుందా?

మన తాతలనాటి మేస్త్రీలకు ఈ భయం లేదు. గానుగ సున్నంతో కట్టిన గోడను విప్పితే ఇటుక చెక్కుచెదరకుండా వచ్చేది. సున్నం ఇటుక కంటే మెత్తన కనుక గీకితే ఊడిపోతుంది. పగిలిన ఇటుకను దంచి, సుర్ఖీగా సున్నంలో కలిపేవారు. ఇప్పటి సిమెంటు గోడను పగలగొడితే ఇటుక కూడా దానితోపాటే పగులుతుంది. అందుకే ఈనాటి మిగులును గోడలోకి వెళ్లకముందే కాపాడుకోవాలి. ఇంగ్లండులో 1917లో పుట్టి, మన దేశానికి వచ్చి, కేరళలో స్థిరపడి 2007లో మరణించిన లారీ బేకర్‌గారి పేరు మీలో కొందరు వినే ఉంటారు. తిరువనంతపురంలో లొయోలా ప్రార్థనాలయాన్ని నిర్మించినది ఆయనే. ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే పద్ధతితో గోడకు పట్టే ఇటుకలో దాదాపు నాలుగో వంతు ఆదా చేసేవారు. పాత ఇళ్ల తలుపులు, కిటికీలు, పగిలిన టైల్స్, ఖాళీ సీసాలు కూడా ఆయన చేతిలో అందమైన ఇళ్లయ్యాయి.

ప్రభుత్వం కూడా మేలుకుంది. కట్టడాల వ్యర్థాల కోసం 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక నియమాలు చేసింది. 2025లో వాటి స్థానంలో కొత్త నియమాలు ప్రకటించి, 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన పెద్ద కట్టడాలవారిపై అదనపు బాధ్యత పెట్టింది. హైదరాబాదులో జీడిమెట్ల, ఫతుల్లాగూడలలో శిథిలాలను పిండిచేసి ఇసుకగా, కంకరగా మార్చే కేంద్రాలు వెలిశాయి. ఇవి మంచివే. కాని ఆ అదనపు బాధ్యత రెండు గదుల ఇంటి వెనుక ఉన్న ఇటుకల వరుస దాకా రాదు. అక్కడికి మనస్సాక్షి ఒక్కటే రాగలదు.

అయితే ఒక హెచ్చరిక. మిగిలినది ఇవ్వడం వేరు, అక్కరలేనిది వదిలించుకోవడం వేరు. గడ్డకట్టిన సిమెంటును, తుప్పుతో పొరలూడుతున్న చువ్వలను "పేదవాళ్లు కదా, ఎలాగో వాడుకుంటారు" అని ఇస్తే అది దానం కాదు. ఆ స్లాబు కింద పిల్లలు పడుకుంటారు. పాత ఆస్బెస్టాస్ రేకులను కోసినా, పగలగొట్టినా వచ్చే ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. కుంటి గొర్రెను, గుడ్డి గొర్రెను బలికి తెచ్చినవారిని మలాకీ ప్రవక్త ద్వారా దేవుడు మందలించాడు. పేదవాని ఇల్లు మన చెత్తకుండీ కాదు. నా ఇంటి గోడకు వాడటానికి నేను వెనుకాడే వస్తువును అతనికి ఇవ్వకూడదు.

ఆ సంఘటన తర్వాత మా విచారణలో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. మీకు పనికొస్తాయేమోనని చెబుతున్నాను. మొదటిది, కొనేముందే సరిగా లెక్క వేయించడం. లోడు మీద తగ్గే ధర కోసం అక్కరలేనిది కొనకపోవడం. సీలు తీయని టైల్స్ పెట్టెలు వెనక్కి తీసుకుంటారేమో దుకాణంలో ముందుగానే అడగడం. రెండవది, పని పూర్తయిన వారంలోపు మిగిలినది ఏమిటో గుడి దగ్గర ఉన్న పుస్తకంలో రాయించడం. సిమెంటు అయితే ఆ రోజే. ఈలోగా చెక్కపలకల మీద, గోడకు దూరంగా పెట్టడం. మూడవది, మేస్త్రీ ఒకరు చూసి, దేనికి పనికొస్తుందో, దేనికి రాదో చెప్పాకే ఇవ్వడం. పగిలిన టైల్స్‌ను డాబా మీద పరిస్తే ఎండ వేడి తగ్గుతుంది. ఇటుక ముక్కలు గచ్చు కింద వేసుకోవచ్చు. నాల్గవది, ఇచ్చినవారి పేరు ఎక్కడా చదవకపోవడం. తీసుకునేవారు తమకు కావలసినది ఎంచుకోవడం, అక్కరలేదంటే నొచ్చుకోకపోవడం.

మరుసటి వేసవిలో మా విచారణలో ఇల్లు కట్టుకున్న ఒక కుటుంబం దగ్గర తొమ్మిది బస్తాలు మిగిలాయి. సాయంత్రం కబురు వచ్చింది. మరునాడు ఉదయానికి బస్తాలు కాలనీలో ఉన్నాయి. మూడు రోజుల్లో యువకులు, మేస్త్రీ కలిసి ఆమె ఇంటి బయటి గోడలకు ప్లాస్టరింగు పూర్తిచేశారు. ఒక బస్తా మిగిలితే, ఆమే దానిని పక్కింటివారి గడపకు ఇచ్చింది. కమిటీని అడగలేదు.

ఆమె ఆరోగ్యం బాగాలేనప్పుడు దివ్య సత్ప్రసాదం తీసుకుని ఆ ఇంటికి చాలాసార్లు వెళ్లాను. లోపలి గోడ మీద ఆ ఒక్క వానాకాలపు నెమ్ము మచ్చ ఇప్పటికీ ఉంది. సున్నం వేసినా పోలేదు. వెళ్లిన ప్రతిసారీ నా చూపు ముందు దాని మీదికే పోయేది.

ప్రియమైన కుటుంబాలారా, ఈ ఆదివారం పూజ అయ్యాక ఇంటి వెనుకకు ఒకసారి వెళ్లి చూడండి. అక్కడ ఉన్నది ఎవరి కోసం ఎదురుచూస్తోందో ఆలోచించండి. పన్నెండు గంపలు నింపించిన ప్రభువు మీ ఇళ్లను, మీ చేతుల కష్టాన్ని ఆశీర్వదించునుగాక.